మడతలో దాచిన చెలమపెంట

మీ చేతిలో ఉన్న రుజువును మీరెప్పుడైనా మడత పెట్టారా?

వెంటనే లేదనకండి. కాస్త ఆలోచించుకోండి. నేనూ చాలా ఏళ్ళు లేదనే అనుకుంటూ వచ్చాను. బాబాల మీద, వాస్తు మీద, ముహూర్తాల మీద ఈ పత్రికలో నేను రాసిన వ్యాసాలు మీలో కొందరు కత్తిరించి దాచుకున్నారని విన్నాను. ప్రతి వ్యాసంలోనూ 'రుజువేదీ?' అని గొంతు చించుకున్న మనిషిని నేను. ఆ మనిషి మోస్తున్న బరువు ఒకటుంది. అది మా దిల్‌సుఖ్‌నగర్ ఇంటి ముందుగదిలో, గాజు చట్రంలో, పదేళ్ళకు పైగా గోడకు వేలాడింది. ఇంటికి వచ్చిన ప్రతివారూ దాన్ని చూసి మెచ్చుకునేవారు. మెచ్చుకున్న ప్రతిసారీ నేను మాట మార్చేవాణ్ణి. అలాగని ఒక్కపూట భోజనం మానలేదు. అదీ చెప్పెయ్యాలి కదా.

ఇప్పుడు దాన్ని దించేశాను. గోడ మీద అది ఉన్నంత మేర తెల్లగా మిగిలింది. దానికి ఎదురుగా కూర్చుని రాస్తున్నాను. సిగ్గుగా ఉండాలి. ఉంది కూడా. కానీ దాంతో పాటు, ఇరుకు చెప్పులు విప్పినప్పటి సుఖం కూడా ఉంది. ఏం చెయ్యను?

పేరు వేసుకోవటం లేదు. ఆ రోజు హాల్లో ఉన్నవాళ్ళకు నా పేరు అక్కర్లేదు. లేనివాళ్ళకు దాంతో పనిలేదు.

విషయం ఒక పటం గురించి. నిజాం కాలం నాటి సర్వే పటం. నల్లమల కొండల్లో ఒక ముక్క, మనుషులు ఉండకూడదని తరవాతి కాలంలో ఖాళీ చేయించిన రిజర్వు అడవి. కాగితాన్ని పలకలు పలకలుగా కోసి, పలకకూ పలకకూ మధ్య సన్నని సందు వదిలి, గుడ్డ మీద అంటించారు. ఎన్నిసార్లు మడిచినా కాగితం నలగదు, గుడ్డ మడత పడుతుంది. అడవిలో జేబులో పెట్టుకు తిరిగేవాళ్ళ కోసం చేసిన పని అది. కొండల ఎత్తు చూపటానికి గోధుమరంగు గీతలు. గీతలు ఒరుసుకుంటూ పోతే నిట్టనిలువు కొండ, ఎడంగా ఉంటే పైన చదును. వాగులు నీలం. కాలిబాటలు చుక్కలు చుక్కలుగా. ఒంటరిగా నిలబడ్డ పెద్ద చెట్టుకు కూడా ఒక గుర్తు.

అప్పట్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు భూగోళం చెప్పేవాణ్ణి. బస్టాండు వెనక సందులో, పరీక్ష అయిపోయిన పిల్లలు పుస్తకాలు అమ్మేసుకునే పాత కాగితాల దుకాణంలో దొరికిందది. తూకానికి కొన్నాను. ఇంటికి తెచ్చి బల్ల మీద పరిచిన రోజు కాఫీ తాగటం మరిచిపోయాను. మనుషుల నమ్మకాలతో పనిలేకుండా, కొలిచి గీసిన నిజం. నాకు అంతకంటే ఏం కావాలి?

ఆ రోజుల్లో మాకు ఆదివారం వాదసభ ఉండేది. కోచింగు సెంటరు మూడో అంతస్తులో ఖాళీ తరగతి. కింద రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేస్తున్నాయి, కిటికీ తీస్తే ధూళి, మూస్తే ఉక్క. మా సభకు ఒక్కటే నియమం. రుజువు అని ఎవరు ఏది తెచ్చినా బల్ల మీద పెట్టాలి, ఎదుటివారు దాన్ని ముట్టుకుని తిరగేసి చూడవచ్చు. ఒకసారి గాలిలోంచి విభూతి తీస్తానని వచ్చిన పెద్దమనిషికి చొక్కా చేతులు మడిపించాం, చేతులు కడిగించాం, ఉంగరం తీయించాం. పాపం, విభూతి రాలేదు. ఆయనకు టీ ఇచ్చి పంపాం.

ఆ సభలో నన్ను ఓడించగలిగిన మనిషి ఒక్కరే, బాలమణి. కరెంటు ఆఫీసులో హెడ్‌క్లర్కు, ఎల్బీ నగర్ నుంచి వచ్చేది. అచ్చంపేట వైపు మనిషి. నేను తెనాలి దగ్గరవాణ్ణి. నేను పది వాక్యాల్లో కట్టిన వాదాన్ని ఆమె ఒక్క ప్రశ్నతో కూలగొట్టేది. అంతకుముందు నెలలో నన్ను ఎంత చక్కగా ఓడించిందంటే, నా విద్యార్థులే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నవ్వుతూనే కొట్టాను. ఆ చప్పట్లు ఇంటిదాకా నా వెంట వచ్చాయి.

తరవాతి సభకు అంశం ఇది: పెద్దల నోటిమాట రుజువు అవుతుందా? అవుతుందని ఆమె, కాదని నేను. తన తల్లి లచ్చమ్మను తీసుకొస్తానని బాలమణి ముందే చెప్పింది. లచ్చమ్మ నల్లమలలో చెలమపెంట అనే చోట పుట్టింది. పెంట అంటే అక్కడ అడవిలోని చిన్న పల్లె. నాలుగు చెంచుల గుడిసెలు, పక్కనే లచ్చమ్మవాళ్ళ పశువుల దొడ్డి. ఎండాకాలం కూడా ఎండని నీటి చెలమ ఒకటి. అడవి ఖాళీ చేయమన్నాక, పదేళ్ళు నిండని లచ్చమ్మ తన దూడ తోక పట్టుకుని కొండ దిగింది. ఇప్పుడక్కడ ఏమీ లేదు. పేరు చెబితే ఎవరికీ తెలియదు.

ఆ మాట విన్న మధ్యాహ్నమే నేను ఇంటికి వెళ్ళి పటం పరిచాను. నేను చెయ్యబోతున్నది ఏమిటో అప్పటికే నాకు తెలుసా? తెలియదనే అనుకున్నాను. ఊరికే చూద్దామని చూశాను. ఎక్కడా లేకపోతే బాగుండునని ఆశపడుతూ చూడటాన్ని చూడటం అంటారా? కుడివైపు చివరి పలకల్లో, గీతలు ఎడంగా పరుచుకున్న చోట, నాలుగు చిన్న నల్లని చతురస్రాలు, ఒక నీలం చుక్క. పక్కనే వాలు అక్షరాల్లో చెలమపెంట.

ఉంది. ఉండటం నాకు నచ్చలేదు.

కుడివైపు రెండు పలకలను వెనక్కి మడిచాను. సర్టిఫికెట్లు పెట్టుకునే దళసరి ప్లాస్టిక్ కవరులో దూర్చాను. ఎంత బాగా అమరిందనుకున్నారు! పటం అంతే అన్నట్టు ఉంది.

ఆదివారం వచ్చింది. లచ్చమ్మ మొదటి బెంచీ మీద కూర్చుంది. గట్టి మనిషి, గట్టి గొంతు. ఆమెను మాట్లాడమన్నారు. ఆమె ఏ ఉపన్యాసమూ లేకుండా మొదలుపెట్టింది.

"ఒకపారి ఎలుగుబంటి ఇప్పపువ్వు మస్తు తిని, మా దొడ్లకొచ్చి పన్నది. ఇంక తెల్లారలే, మబ్బు మబ్బుగనే ఉన్నది, మా నాయిన దూడ అనుకొని కాలుతోని లేపిండు. గది లేచి మా నాయిన మొకం జూసి, బెదిరి ఇటు ఉరికింది. మా నాయిన అటు ఉరికిండు. ఇద్దరు మల్ల మాపటి దాన్క ఆ దిక్కు రాలే."

హాలంతా పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. అది మంచి నవ్వు. ఆమెతో కలిసి నవ్విన నవ్వు.

ఆ నవ్వు ఆగకముందే బాలమణి నావైపు తిరిగింది. "సార్, మా అమ్మ సదువుకోలే. ఆమె పుట్టిన పెంటకు కాయితం లేదు. అయితే ఏంది, ఆమె పుట్టలేదా?"

"పుట్టలేదని నేనెందుకంటానండీ? ఎదురుగా కూర్చున్నారుగా! ఎక్కడ పుట్టారన్నదే ప్రశ్న," అని కవరు తీసి బల్ల మీద పెట్టాను. "ఇది సర్కారు కొలిపించి గీయించిన పటం. మీరు చెప్పిన కొండ ఇదే. వాగులున్నాయి, బాటలున్నాయి, ఒక్క చెట్టుంటే ఆ చెట్టూ ఉంది. చెలమపెంట ఎక్కడుందో చూపించండి."

బాలమణి వంగింది. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. వేలు అటూ ఇటూ తిరిగింది. లచ్చమ్మ లేచి వచ్చింది.

"జర నన్ను జూడనియ్యి బిడ్డా," అంటూ కవరులోకి చెయ్యి పెట్టబోయింది.

"అమ్మా, ముట్టుకోకండి," అన్నాను. "చాలా పాతది. చిరిగిపోతుంది."

"ముడ్తె చిరుగుతదా? గుడ్డ లెక్కున్నది గద."

"దూరం నుంచి చూడండమ్మా."

చూశారా ఆ మాట? గర్భగుడి గడప దగ్గర నిలబడి చెప్పేవాళ్ళను నేను ఎన్ని వ్యాసాల్లో ఎండగట్టాను! ముట్టుకోకు, దూరం నుంచి చూడు. ఆ రెండు మాటలూ నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చాయి! తడబడలేదు. గొంతు కూడా మారలేదు.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. వెనక బెంచీలోంచి ఒకడు, "అవ్వా, గూగుల్ల కొట్టమంటవా?" అన్నాడు. ఇంకొకడు, "గూగుల్‌కు ఏమెరుక రా, ఎలుగుబంటిని అడగాలె!" అన్నాడు. అప్పుడు లేచింది రెండో నవ్వు. కిటికీ అద్దాలు అదిరాయి. ఇది ఆమె మీద నవ్విన నవ్వు.

లచ్చమ్మ కొంగు సర్దుకుని కూతురితో, "లేకుంటే లేదు తీయ్. పోదాం పా," అంది.

నాకు చప్పట్లు కొట్టారు.

నేను ఆ సభలో ఒక్క అబద్ధమూ చెప్పలేదు. ఈ ముక్క పట్టుకుని ఎన్నేళ్ళు వేలాడానో! వాక్యం వాక్యం నెమరు వేసుకునేవాణ్ణి. ఇది సర్కారు పటం అన్నాను. నిజం. చూపించండి అన్నాను. అది ప్రశ్న, ప్రశ్న అబద్ధం ఎలా అవుతుంది? పాతది అన్నాను. పాతదే. చిరిగిపోతుందన్నాను. ఇక్కడ మాత్రం కాస్త తొట్రుపాటు, ఎందుకంటే గుడ్డ చిరగదని ఆమె నాకంటే ముందే చెప్పేసింది. ఇలా నాకు నేనే ప్లీడరై, నాకు నేనే జడ్జీనై, ప్రతిసారీ విడుదల చేసుకునేవాణ్ణి. విడుదలైన ముద్దాయి మర్నాడు పొద్దున మళ్ళీ అదే బోనులో ఎందుకుండేవాడో మాత్రం అర్థమయ్యేది కాదు.

ఇంకో సాకు కూడా ఉండేది. వాదన అయితే సరైనదే కదా, నోటిమాటను గుడ్డిగా నమ్మకూడదనేగా నేనన్నది! నిజమే. ఇప్పటికీ అదే అంటాను. కానీ గుడ్డిగా నమ్మకూడని వాటిలో నా చేతిలోని పటం ఎందుకు లేదు? విభూతి మనిషి ఉంగరం తీయించిన అంతమందిలో ఒక్కరైనా 'ఆ కవరు తీయండి, మడత విప్పండి' అనలేదేం? అచ్చు అక్షరాలు, సర్కారు ముద్ర, పైగా చెబుతున్నది భూగోళం మాస్టారు. పీట మీంచి దేవుణ్ణి దింపేశాం సరే, ఆ పీటను ఖాళీగా ఉంచటం మనకు చేతకాలేదు. నా పటాన్ని కూర్చోబెట్టాం. పూజారిని నేనే.

గెలిచిన గుర్తుగా దాన్ని చట్రం కట్టించాను, మడత అలాగే ఉంచి. మా ఆవిడ గాజు తుడుస్తూ ఒకనాడు, "ఇదేంటండీ, ఇటు ప్రక్క ఉబ్బెత్తుగా ఉంది? మిగతాది గోడకి చూపిస్తున్నారా?" అంది. నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆమె గుడ్డ దులుపుకుంటూ, "రోజూ తుడవటమే గానీ, ఒక పువ్వు పెడతానంటే ఒప్పుకోరు," అని లోపలికి పోయింది. ఆమెకు అన్నీ తెలుసేమోనని ఇప్పటికీ అనుమానం.

వాదసభ ఆ తరవాత మెల్లగా ఆగిపోయింది. స్తంభాల మీద రైలు నడిచింది. పోయిన వారం ఎల్బీ నగర్ మెట్రో మెట్ల దగ్గర బాలమణి కనిపించింది. రిటైరైంది. నన్ను చూసి నిజంగానే సంతోషపడింది. అమ్మ ఎలా ఉన్నారని అడిగాను.

"మంచిగనే ఉన్నది సార్. ముచ్చట్లు చెప్పుడే బంద్ చేసింది. మొన్న మా మనుమరాలికి స్కూల్ల ఏందో రాసుకరమ్మన్నరు, ఇంట్ల పెద్దోళ్ళు ఏడ పుట్టిండ్రో. పోయి అడిగితే మా అమ్మ ఏమన్నదో తెలుసా? 'నాకెరికలేదు బిడ్డా, మ్యాపు సారుకు ఎరుక, ఆయన్ని అడుగు' అన్నది!"

చెప్పి గలగలా నవ్వింది బాలమణి. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి చట్రం దించాను.

నా పటం గోడ మీద వేలాడిన అన్నేళ్ళూ ఒక మనిషి తను పుట్టిన చోటు పేరు నోట్లోంచి రానివ్వలేదు. నేను పోగొట్టింది వాదంలో ఒక పాయింటు అనుకున్నాను. ఆమెకు నేను పోగొట్టింది ఒక కొండ, ఒక చెలమ, ఒక దూడ, ఒక తండ్రి. ఇదంతా ఎందుకు? అంతకుముందు నెల నాకు కాకుండా బాలమణికి పడ్డ చప్పట్ల కోసం.

చట్రం చంకలో పెట్టుకుని మెట్రో ఎక్కాను. తనిఖీ దగ్గర గార్డు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏంది సార్ గిది? దేవుని పటమా?" అన్నాడు. అలాంటిదేనన్నాను. వెనక వరసలో ఎవరో జరిగి దారి కూడా ఇచ్చారు. జీవితంలో అంత గౌరవంగా ఎప్పుడూ ప్రయాణం చేయలేదు.

బాలమణి ఇల్లు ఎల్బీ నగర్ దాటి కర్మన్‌ఘాట్ గుడి దారిలో. లచ్చమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఎనభై దాటి ఉంటాయి, గొంతు మాత్రం అలాగే ఉంది. నేను చట్రం వెనక అట్ట ఊడదీశాను. పటం తీసి, రెండు పలకలూ విప్పి, మంచం మీద పరిచాను. బాలమణి వంగింది. ఈసారి వేలు వెతుక్కోలేదు.

"అమ్మా, ఉన్నదే!"

"ఏంది?"

"చెలమపెంట."

"ఉండక ఏడికి పోతది?" అంది లచ్చమ్మ, చిక్కుడుకాయల మీంచి తల ఎత్తకుండా.

చెప్పాను. మడత పెట్టింది నేనే అని, తెలిసే పెట్టానని. బాలమణి నన్ను చూడటం మానేసి పటాన్నే చూస్తూ ఉండిపోయింది. లచ్చమ్మ చేతిలోని కాయ పక్కన పెట్టింది.

"ఎందుకు?"

"గెలవటానికమ్మా."

"గెలిచినవా?"

"గెలిచాను."

"ఏమిచ్చిండ్రు?"

"చప్పట్లు కొట్టారు."

"గంతేనా!" అంది. నా మీద జాలిపడిందని ఒక్క క్షణం అనుకున్నాను. క్షమించమని అడిగాను. ఆమె కాయ మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"నువ్వు మడత పెట్టినవ్. నవ్వింది అందరు. నువ్వొక్కనివి ఒచ్చి మాఫీ అడిగితే గాళ్ళ నవ్వు ఏడ పోవాలె?"

వాదంలో ఆ ఇంటివాళ్ళు నన్ను ఓడించటం కొత్తేమీ కాదు. బాలమణి చాయ్ తెచ్చింది. అందులో చక్కెర లేదు. మరిచిపోయిందో, కావాలనే వేయలేదో నేను అడగలేదు. మొత్తం తాగాను. పటం అక్కడే వదిలేసి వచ్చాను. లచ్చమ్మ చెలమపెంట గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. నేను గుమ్మం దాటేదాకా ఈనెలు తీస్తూనే ఉంది.

అందుకే ఇది రాశాను. నాకు మాఫీ దొరకలేదు, దొరకాలని అడిగే హక్కూ లేదు. చెప్పేశాక నిన్న మధ్యాహ్నం మాత్రం హాయిగా నిద్రపోయాను. అది చాలు.

ఇక మీ సంగతి. ఆ రోజు మూడో అంతస్తులో కూర్చుని ఆ రెండో నవ్వు నవ్వినవారు ఈ పత్రిక చదువుతారని నాకు తెలుసు. గూగుల్ అన్న కుర్రాడివి, నువ్విప్పుడు నలుగురికి పాఠాలు చెబుతున్నావు. ఎలుగుబంటి అన్న నువ్వు మొన్నీమధ్య నా వ్యాసం బాగుందని ఫోను చేశావు. నేను మిమ్మల్ని మోసం చేశాను, నిజమే. కానీ మడత విప్పమని అడగకుండా నవ్వింది మీరు. శాలువాలు తీసుకెళ్ళకండి, పళ్ళు తీసుకెళ్ళకండి, రాసి పంపకండి. ఈ ఆదివారం కర్మన్‌ఘాట్ వెళ్ళండి. ఒక్కొక్కరే వెళ్ళండి. లచ్చమ్మ ఎదురుగా నిలబడి, 'ఆ రోజు నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను' అని మీ నోటితో మీరే చెప్పండి.